మంచాన పడ్డ మనిషికి పింఛను: ఏ కాగితం, ఎవరి దగ్గర



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు ఫోను చేసినప్పుడు బహుశా కవిత వస్తుందనుకుని ఉంటారు. కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. నేను ఎం.కాం. చదువుతున్నదాన్ని, నాకు లెక్కలూ కాగితాలూ తప్ప వేరే తెలియవు. అందుకే పింఛను గురించి రాస్తున్నాను. అన్ని పింఛన్లూ కాదు. తనంతట తాను లేవలేని, తినలేని, పక్క మీద నుంచి దిగలేని మనిషికి మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ఇచ్చే డబ్బు గురించి మాత్రమే.

చదువుకునే పిల్లల పత్రికలో ఇదెందుకు అని అడగవచ్చు. ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టుకుని ఉండవలసిన మనిషి ఉంటే ఎవరో ఒకరు పని మానుకోవాలి. అమ్మ కూలి మానితే పొయ్యి వెలగదు. నాన్న వలస పోతాడు. అప్పుడు అందరూ చదువుకునే ఆడపిల్ల వైపు చూస్తారు. తొమ్మిదో తరగతిలో నా పక్క ట్రంకుపెట్టె అమ్మాయి 2017 సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. వాళ్ళ నాయనమ్మకు పక్షవాతం వచ్చింది. లెక్కల్లో నాకంటే ఆమెకే ఎక్కువ మార్కులు వచ్చేవి. ఆ ముసలమ్మకు వృద్ధాప్య పింఛను ఒక్కటే వచ్చేది. పక్షవాతంతో మంచాన పడ్డవారికి వేరే పింఛను 2020 జనవరిలో మొదలైంది. మొదలైన తరువాత కూడా రెండేళ్ళ వరకు ఆ ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియలేదు. తెలిసేనాటికి మా స్నేహితురాలికి పెళ్ళయిపోయింది.

ముందు ఎంత వస్తుందో చూద్దాం. 2014 అక్టోబరులో వికలాంగుల పింఛను రెండు రేట్లుగా ఉండేది. 80 శాతం, ఆపైన ఉంటే 1,500 రూపాయలు, 40 నుంచి 79 శాతం ఉంటే 1,000. 2019లో 40 శాతం దాటిన వారందరికీ ఒకే 3,000 చేశారు. అప్పుడు కాలు కొంచెం లాగి నడిచేవారికీ, మెడ కూడా తిప్పలేనివారికీ ఒకటే డబ్బు అయింది. 2020లో పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారిని వేరు చేసి 5,000 ఇచ్చారు. 2024 జూలై 1 నుంచి ఎన్టీఆర్ భరోసా పేరుతో ఇవన్నీ పెరిగాయి. వృద్ధులకు, వితంతువులకు 4,000. వికలాంగులకు 6,000. తలసేమియా, సికిల్ సెల్, మూత్రపిండాల జబ్బులలో నిర్ణయించిన దశకు చేరినవారికి 10,000. పక్షవాతం వల్ల, తీవ్రమైన కండరాల క్షీణత వల్ల, ప్రమాదం వల్ల మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000.

ఆరు వేలకూ పదిహేను వేలకూ తేడా నెలకు 9,000, ఏడాదికి 1,08,000. దీన్ని ఇంకో రకంగా చూడండి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ రేటున నెలకు 25 రోజులు పని దొరికిందనుకున్నా అమ్మ సంపాదన 7,675. అంటే ఆరు వేలు వస్తే అమ్మ మానుకున్న కూలి కూడా రాదు. పదిహేను వేలు వస్తే ఆ కూలి వచ్చి, పైన మందులకు, డైపర్లకు, మూత్రం గొట్టాలకు మిగులుతుంది. ఆడపిల్లను బడి మాన్పించాలా వద్దా అన్నది చాలా ఇళ్ళలో ఈ తొమ్మిది వేల దగ్గరే తేలుతుంది.

ఇప్పుడు అసలు విషయం. మనవాళ్ళందరూ "ఎంత శాతం వచ్చింది" అని మాత్రమే అడుగుతారు. శాతం ముఖ్యమే, కాదనను. కానీ 90 శాతం ఉన్నా ఆరు వేల జాబితాలో ఉండిపోయినవారు ఉన్నారు. మా పెదనాన్న అలాగే ఉన్నాడు. 2019లో హైదరాబాదులో కట్టుబడి పనిలో మూడో అంతస్తు నుంచి పడి వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ లేదు. సర్టిఫికెట్‌లో 90 శాతం అని ఉంది. దరఖాస్తు తీసుకున్న ఒక కార్యాలయంలో ఆ 90 చూసి "వికలాంగుడు" అని గడిలో నింపి మామూలు వికలాంగుల పింఛను ఇచ్చారు. ఈ మనిషి లేచి కూర్చోగలడా, ఎవరు అన్నం పెడతారు అని ఎవరూ అడగలేదు. ఎవరూ అడగలేదు గనుక మా పెద్దమ్మ చెప్పలేదు. అడగనిదే ఆఫీసులో మాట్లాడకూడదని మనవాళ్ళ నమ్మకం. రెండేళ్ళు 3,000తోనే గడిచింది. నేను డిగ్రీలో చేరాక జీవో చదివించుకుని అర్జీ రాస్తే కేటగిరీ మారి 5,000 అయింది, 2024 జూలైలో అదే 15,000 అయింది. శాతం మారలేదు, మనిషి పరిస్థితి మారలేదు. మారింది కాగితం మీద ఉన్న మాట ఒక్కటే.

కాబట్టి సదరం పరీక్షకు వెళ్ళేటప్పుడే ఆ మాట గురించి ఆలోచించాలి. సదరం సర్టిఫికెట్ అంటే ఎంత శాతం వైకల్యం ఉందో ప్రభుత్వ డాక్టర్లు పరీక్ష చేసి ఇచ్చేది. ఊరి సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాటు బుక్ చేసుకోవాలి. స్లాట్లు రోజూ ఉండవు, విడతలుగా వదులుతారు, త్వరగా అయిపోతాయి. డిజిటల్ అసిస్టెంట్ గారి ఫోను నంబరు దగ్గర పెట్టుకుని రెండు మూడు రోజులకోసారి అడగడం తప్ప మార్గం లేదు. స్లాటు బుక్ చేసేటప్పుడు ఏ రకం వైకల్యమో చెప్పాలి. చెయ్యీ కాలూ ఒక్కటే కాక మాట, చూపు, బుద్ధి కూడా దెబ్బతిని ఉంటే ఆ సంగతి అప్పుడే చెప్పండి. లేకపోతే ఎముకల డాక్టరు కాలు చూసి పంపేస్తారు, మిగతాది ఎవరి లెక్కలోకీ రాదు. ఇక్కడ నా చదువుకు పనికివచ్చే విషయం ఒకటుంది. రెండు వైకల్యాలుంటే శాతాలను మామూలుగా కూడరు. పెద్ద దానికి చిన్నదాన్ని తగ్గించి కలుపుతారు. 60కి 30 కలిపితే 90 కాదు, వారి సూత్రం ప్రకారం 70. ఇది తెలియక "మాకు అన్యాయం చేశారు" అని గొడవపడి వచ్చినవారు ఉన్నారు.

పరీక్షకు ఆధార్‌తో పాటు పాత చికిత్స కాగితాలన్నీ తీసుకుపోవాలి. డిశ్చార్జి సమ్మరీ, స్కానింగు, ఆపరేషన్ రిపోర్టు. మన ఇళ్ళలో ఇవి దూలం సందులో, బియ్యం డబ్బా కింద ఉంటాయి, సగం చెదలు తింటాయి. సెలవులకు వెళ్ళినప్పుడు వాటిని ఏరి తేదీల వరుసలో పెట్టి ప్లాస్టిక్ ఫైలులో పెట్టడం పదో తరగతి పిల్ల చేయగలిగిన పని, ఇంట్లో ఇంకెవరూ చేయలేని పని.

వీటితో పాటు నేను అందరికీ చెప్పే కాగితం ఒకటుంది. ఏ ఆఫీసూ అడగదు, ఏ నిబంధనలోనూ లేదు. ఒక తెల్లకాగితం తీసుకుని, ఇంట్లో ఆ మనిషికి ఒక రోజంతా ఎవరు ఏం చేస్తున్నారో గంటల ప్రకారం రాయండి. మా ఇంట్లోది ఇలా ఉండేది. తెల్లవారుజామున నాలుగుకు పక్కకు తిప్పడం, లేకపోతే నడుము మీద పుండ్లు పడతాయి. ఆరుకు మూత్రం సంచి ఖాళీ చేయడం. ఏడుకు ఇద్దరు కలిసి ఒళ్ళు తుడవడం, ఒక్కరి వల్ల కాదు. ఎనిమిదికి తినిపించడం. ఆ తరువాత రెండు గంటలకోసారి మళ్ళీ తిప్పడం, రాత్రంతా కూడా. ఇలా రాస్తే ఇరవై పంక్తులు వచ్చాయి. డాక్టరు గారి ముందు మనకు దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ రద్దీలో మా పెద్దమ్మను "ఎలా ఉంది" అని అడిగితే "బాగానే ఉందయ్యా" అంటుంది. మర్యాదకు అనే మాట అది. అక్కడ ఆ మర్యాద పనికిరాదు. మాట పెగలనప్పుడు ఆ కాగితం ఇస్తే చాలు, ఏ డాక్టరైనా అర నిమిషంలో చదివేస్తారు. సర్టిఫికెట్ చేతికి వచ్చాక శాతం ఎంత, తాత్కాలికమా శాశ్వతమా, తాత్కాలికమైతే ఏ తేదీ వరకు అన్నవి చూసుకోండి. తేదీ దాటాక పరుగులు పెట్టేకంటే మూడు నెలల ముందే స్లాటు వెతకడం మేలు.

మనిషిని అక్కడికి తీసుకువెళ్ళడమే పెద్ద కష్టం. మేము వెళ్ళిన ఒక ఆసుపత్రిలో వికలాంగుల పరీక్ష గది మెట్లెక్కి పోవలసిన చోట ఉంది. పెదనాన్నను దుప్పట్లో వేసుకుని నలుగురు మోశారు. 2025 జనవరిలో ప్రభుత్వం పాత సర్టిఫికెట్ల పునఃపరీక్ష మొదలుపెట్టినప్పుడు మాత్రం 15,000 తీసుకునేవారి ఇళ్ళకే డాక్టర్ల బృందాలను పంపింది. ఇంటికి వచ్చి చూడడం సాధ్యమేనని దానితో రుజువైంది. కోత పెట్టడానికి ఇంటికి రాగలిగినవారు, ఇవ్వడానికి కూడా రావచ్చు కదా అని మా పెద్దమ్మ అంటుంది. ఆ పునఃపరీక్ష తరువాత 2025 ఆగస్టులో చాలామందికి నోటీసులు వచ్చాయి. పింఛను రద్దనీ, తక్కువ కేటగిరీకి మార్చామనీ వాటిలో ఉంది. గొడవలు జరిగాక అప్పీలు చేసుకునే అవకాశం ఇచ్చారు. మీ ఇంటికి ఎప్పుడైనా అలాంటి నోటీసు వస్తే ఏడ్చి ఊరుకోవద్దు. నోటీసు మీద తేదీ చూడండి, గడువు ఆ తేదీ నుంచే లెక్క. ఎంపీడీఓ ఆఫీసులో, పట్నమైతే మున్సిపల్ ఆఫీసులో, అప్పీలు ఇచ్చి రశీదు తీసుకోవాలి. రశీదు లేని అర్జీ ఇచ్చినట్టు కాదు.

సర్టిఫికెట్ వచ్చాక దరఖాస్తు సచివాలయంలో. కొత్త దరఖాస్తులు ఏడాది పొడుగునా తీసుకుంటారనుకోవద్దు, ప్రభుత్వం తలుపు తీసినప్పుడే తీసుకుంటారు. అందుకే కాగితాలు ముందుగా సిద్ధం చేసుకోమంటున్నాను. దరఖాస్తును కంప్యూటరు ఆరు రకాలుగా జల్లెడ పడుతుంది: ఇంటి ఆదాయం, భూమి, కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, కరెంటు బిల్లు. మనలాంటి ఇళ్ళలో ఇవేమీ ఉండవు, అయినా తిరస్కారం వస్తుంది. ఎందుకంటే ఒకే మీటరు మీద మూడు కుటుంబాలు ఉంటాయి, యూనిట్లన్నీ ఒకరి పేరున పడతాయి. ఎప్పుడో విడిపోయిన అన్న పేరు ఇంకా మన రేషన్ కార్డులోనే ఉంటుంది, అతనికి ఉద్యోగం వస్తే ఇక్కడ పింఛను ఆగుతుంది. తిరస్కరిస్తే ఏ కారణం మీదనో అడిగి రాసుకోండి. "సిస్టం తీసుకోవడం లేదమ్మా" అన్నది కారణం కాదు.

ఇప్పటికే ఆరు వేలు వస్తూ, మనిషి నిజంగా మంచానికే పరిమితమై ఉంటే అర్జీ పెట్టాలి. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, మండలంలోనూ తీసుకుంటారు. నేను రాసిన పద్ధతి ఇది. ఖాళీలు మీరు నింపుకోండి.

"గౌరవనీయులైన కలెక్టరు గారికి, ______ మండలం ______ గ్రామ నివాసి ______ వ్రాసుకొను అర్జీ. మా తండ్రిగారు ______ తేదీన జరిగిన ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నాటి నుండి మంచానికే పరిమితమై ఉన్నారు. సదరం సర్టిఫికెట్ నెంబరు ______, వైకల్యం ______ శాతం. కూర్చొనుటకు, భుజించుటకు, మలమూత్ర విసర్జనకు మా తల్లిగారి సహాయము నిరంతరము అవసరము. ప్రస్తుతము వికలాంగుల పింఛను రూ. 6,000 మాత్రమే పొందుచున్నారు. కావున వైద్యులచే మరల పరీక్ష చేయించి, మంచానికి పరిమితమైన వారి కేటగిరీకి మార్చవలసిందిగా ప్రార్థన. జతపరచినవి: సర్టిఫికెట్, ఆధార్, ఆసుపత్రి కాగితముల నకళ్ళు."

ఇంతే. కన్నీళ్ళ కథ అక్కర్లేదు. తేదీ, నెంబరు, శాతం, ఏ పనికి ఎవరి సహాయం కావాలి, ఏం కోరుతున్నాం అన్నవి ఉంటే చాలు. నెల దాటినా జవాబు లేకపోతే సమాచార హక్కు చట్టం కింద "నా అర్జీ ఏ దశలో ఉంది" అని అడగవచ్చు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసులో దీనికి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఈ పథకంలో నాకు నచ్చనిది చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. 15,000 కేటగిరీ కదలికను చూస్తుంది, అవసరాన్ని చూడదు. మా వీధిలో ఒక బాబు ఉన్నాడు, బుద్ధిమాంద్యం. పరుగెత్తుతాడు, గోడలెక్కుతాడు. నిప్పు, నీళ్ళు, రోడ్డు తెలియవు. వాళ్ళమ్మ అతని చొక్కా పట్టుకునే వంట చేస్తుంది. మంచాన పడ్డ మనిషినైనా తలుపు వేసి పావుగంట బయటికి పోవచ్చు, ఈ పిల్లవాణ్ణి రెప్పపాటు వదలలేము. అతనికి వచ్చేది 6,000. అలాగే పక్షవాతం కాదు, ప్రమాదం కాదు, వయసు మీద పడి మతి తప్పి మంచం పట్టిన ముసలివారికి 4,000. పక్క రాష్ట్రంలోనూ ఈ తేడా చూడలేదు. తెలంగాణలో 2023 జూలైలో వికలాంగుల పింఛను 4,016 చేసినప్పుడు మంచానికే పరిమితమైనవారికి వేరే రేటు పెట్టలేదు. ఇక కేంద్రం ఇచ్చే వికలాంగుల పింఛను 80 శాతం దాటిన పేదలకు నెలకు 300 రూపాయలు, అది 2012లో పెంచిన రేటు.

చట్టం మాత్రం వేరేగా చెబుతోంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. దాని 24వ సెక్షన్‌లో, ఎక్కువ ఆసరా అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే పథకాలు ప్రభుత్వాలు పెట్టాలని ఉంది. 38వ సెక్షన్ ప్రకారం, 40 శాతం దాటిన ఎవరైనా తనకు ఎక్కువ ఆసరా కావాలని దరఖాస్తు చేయవచ్చు, వారి తరఫున ఇంకొకరు కూడా చేయవచ్చు. ఒక బోర్డు పరిశీలించి ఎంత ఆసరా కావాలో తేల్చాలి. ఇందులో నడవగలరా లేదా అన్న షరతు లేదు. రోజువారీ పనులకు ఎంత సహాయం కావాలన్నదే కొలత. నేను రాయమన్న ఒక రోజు కాగితం లాంటిదే చట్టం మనసులోనూ ఉందన్నమాట. కేరళ ప్రభుత్వం ఆశ్వాసకిరణం అనే పథకం పెట్టి మంచాన పడ్డవారిని చూసుకునేవారికి నెలకు 600 రూపాయల చొప్పున మంజూరు చేసింది. చిన్న మొత్తమే, కానీ అది రోగి పేరున కాదు, సేవ చేసే మనిషి పేరున. మా పెద్దమ్మ పేరున ఇంతవరకు ఏ కాగితమూ లేదు. వికలాంగులు అన్న మాట దివ్యాంగులు అయింది, విభిన్న ప్రతిభావంతులు అయింది. వారి పక్కన రాత్రంతా మేలుకునే మనిషికి ఇంకా పేరే పెట్టలేదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. కేంద్రం ఇచ్చే యూడీఐడీ కార్డు కూడా తీసుకోండి, 80 శాతం దాటితే నీలం రంగు కార్డు వస్తుంది, అది దేశమంతా చెల్లుతుంది. రైలు రాయితీ సర్టిఫికెట్‌లో "తోడు లేకుండా ప్రయాణం చేయలేరు" అన్న మాట ఉంటేనే తోడు వెళ్ళేవారికి కూడా టికెట్ తగ్గుతుంది, చూశారా, అక్కడా మాటే. బుద్ధిమాంద్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమా లక్ష రూపాయల వరకు ఉంది. అటువంటి పిల్లలకు 18 ఏళ్ళు నిండాక తల్లిదండ్రులు దానంతట అదే చట్టపరమైన సంరక్షకులు కారు. 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కమిటీకి దరఖాస్తు చేసి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆ కమిటీలో కలెక్టరు గారు ఉంటారు. బ్యాంకులో ఇబ్బంది వచ్చాక గానీ చాలామందికి ఇది గుర్తురాదు. పిల్లలకు 5 ఏళ్ళకు, 15 ఏళ్ళకు ఆధార్‌లో వేలిముద్రలు మళ్ళీ వేయించాలి. కదల్లేని పిల్లలకు ఇంటికి వచ్చి చేసే ఏర్పాటు ఆధార్ వారికి ఉంది, దానికి వేరే రుసుము తీసుకుంటారు.

నాకు ఏప్రిల్ ఆఖరుకు సెమిస్టర్ పరీక్షలు అయిపోతాయి. మే నెలంతా ఊళ్ళోనే ఉంటాను. మీలో ఎవరింట్లోనైనా ఇలాంటి మనిషి ఉంటే, వార్డెన్ మేడమ్ గారి దగ్గర పేరు చెప్పి ఏదైనా ఆదివారం రండి, అర్జీ కూర్చుని రాద్దాం. జిరాక్సులు మాత్రమే తెండి. ఒరిజినల్స్ ఇంట్లోనే, బియ్యం డబ్బా కింద కాకుండా ఇంకెక్కడైనా పెట్టండి.